థీమ్ ఉన్న నుడికట్టా, లేనిదా: రోజువారీకి ఏది మేలు?

రోజూ గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్) నింపేవాళ్ళూ, కాలనీ పత్రికకో ఆఫీసు పత్రికకో కొత్తగా కూర్చడం మొదలుపెట్టినవాళ్ళూ తిప్పి తిప్పి అడిగేది ఇదే: థీమ్ పెట్టి కూర్చింది మేలా, ఏ థీమూ లేనిది మేలా? విశాఖలో ఈ ప్రశ్న కొంచెం ఎక్కువే వినిపిస్తుంది. శ్రీశ్రీ, ఆరుద్ర ఇద్దరూ ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళే, ఇద్దరూ ఈ గళ్ళతో ఆడుకున్నవాళ్ళే. ఆ గాలి ఇంకా వీస్తోందనుకోవాలి.

పైపైన చూస్తే థీమ్‌దే గెలుపు. 'మన విశాఖ' అని శీర్షిక పెట్టి ఋషికొండ, కైలాసగిరి, గాజువాక నింపేస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నుడికట్టు నాణ్యత తేలేది థీమ్ పదాల దగ్గర కాదు, వాటిని నిలువుగా దాటిపోయే పదాల దగ్గర. అడ్డం, నిలువు కలిసే గడిని కూడలి అందాం. ఆ కూడలిలో ఏ అక్షరం పడింది, దాన్ని మోసే రెండో పదం మనుషులు వాడే మాటేనా అన్నదే అసలు పరీక్ష.

ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం, అక్షరాలు 26. అందుకే న్యూయార్క్ టైమ్స్ 15×15 నుడికట్టులో ప్రతి గడీ కూడలే అయినా నెట్టుకొస్తారు. ఆ 15×15 కి కూడా సోమవారం నుంచి గురువారం వరకే థీమ్. కష్టమైన శుక్ర, శనివారాలకు అది ఉండదు. మన దగ్గర గుణింతంతో, ఒత్తుతో, సున్నాతో కలిపి ఒక గడి. 'ట్నం' ఒక గడి, 'ర్సు' ఒక గడి. అందుకని తెలుగులో ఒకటి విడిచి ఒకటి కూడలి పెట్టుకోవడమే క్షేమం. అయిదు గళ్ళ పదంలో 1, 3, 5 స్థానాలు కూడళ్ళయితే మూడు చోట్ల ఊతం దొరుకుతుంది. 2, 4 అయితే రెండే.

ఇప్పుడు విశాఖపట్నం తీసుకోండి. వి, ఖ, ట్నం కూడళ్ళు. 'వి' తో విధి, విల్లు కాకపోతే విస్తరి, ఎన్నయినా ఉన్నాయి. 'ఖ' కి రేఖ, లేఖ. 'ట్నం' దగ్గరే చిక్కు. వాడుకలో దొరికేవి కట్నం, పట్నం, అంతే. పట్నం అడ్డంలో ఎలాగూ ఉంది కాబట్టి కట్నమే దిక్కు. సరే, ఒకటి గడిచింది. నుడికట్టు సగం చుట్టు తిప్పినా నల్లగళ్ళు అవే చోట పడాలన్న నియమం పాటిస్తే ఎదురుగా మరో అయిదు గళ్ళ పదం కావాలి. అందరికీ ముందు తట్టేది భీమునిపట్నం. మళ్ళీ 'ట్నం', ఈసారి కట్నం కూడా అయిపోయింది. అక్కడ సీతమ్మధార పెట్టి చూడండి: సీ, మ్మ, ర. సీసా, కొమ్మ, చీర. పని సాఫీగా సాగిపోతుంది. ఊరు ఎంత పేరున్నదన్నది కాదు, దాని అక్షరాలు ఎంత మెతకవన్నదే ఎంపికకు ఆధారం కావాలి.

మొండి గళ్ళలో అన్నీ ఒకే రకం కాదు. తొట్లకొండలో 'ట్ల' భయపెడుతుంది గానీ అట్లతద్ది, పొట్లకాయ ఆదుకుంటాయి. బొర్రాలో 'ర్రా' కి కుర్రాడు, గుర్రాలు ఉన్నాయి. కంచరపాలెంలో 'లెం' కి లెంపకాయ. జలాంతర్గామి కుర్సురాలో 'ర్సు' కి పర్సు, నర్సు, కోర్సు తప్ప గతి లేదు. అవి ఇంట్లో వాడే మాటలే కాబట్టి పర్వాలేదు. వాల్తేరులో 'ల్తే' ని మాత్రం కూడలి చెయ్యొద్దు. అరకు, అనంతగిరి, అనకాపల్లి లాంటి అచ్చుతో మొదలయ్యే పేర్లకు ఇంకో చిక్కుంది. అచ్చు దాదాపు ఎప్పుడూ పదం మొదట్లోనే వస్తుంది కాబట్టి నిలువు పదం కూడా అక్కడే మొదలవ్వాలి. అంటే ఆ గడి పై వరసలో ఉండాలి, లేదా దాని నెత్తిన నల్లగడి ఉండాలి. ఇది చూసుకోకుండా మధ్యలో పడేసినవాళ్ళు నిలువు పదాన్ని తిరగేసి నింపి, చివరికి 'వెనుదిరిగింది', 'శీర్షాసనం వేసింది' అని ఆధారంలో రాసి గట్టెక్కుతారు. ఒక నుడికట్టులో అలాంటివి రెండు దాటితే కూర్చినవాళ్ళు చేతులెత్తేశారని అర్థం.

థీమ్ పదాల తోకలు కూడా చూడాలి. ఋషికొండ, తొట్లకొండ, బావికొండ మూడూ ఒకే నుడికట్టులో ఉంటే మొదటిది తెలియగానే మిగతా రెండింటిలో సగం గళ్ళు ఉచితం. మద్దిలపాలెం, కంచరపాలెం కూడా అంతే. దీనికి తోడు పరాయి ఊరివాళ్ళ గోడు ఒకటుంది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉన్నవాళ్ళకు బావికొండ చిటికెలో పని. కడపలో కూర్చుని నింపేవాళ్ళకు కూడలి పడని గడి అంటే చీకట్లో బాణం. నాలుగు గళ్ళు, అంతకు పైబడిన థీమ్ పదాలు 9×9 లో మూడు, 11×11 లో అయిదు మించితే ఈ కష్టాలన్నీ ఒకేసారి మీద పడతాయి.

థీమ్ లేనిదానికి ఈ సంకెళ్ళు లేవు. ఏ పదం మొండికేసినా తీసి అవతల పారేయొచ్చు. అందుకే అందులో చెత్త పదం కనిపిస్తే క్షమించక్కర్లేదు. ఇభం, ఝషం, పవి, మషి లాంటి రెండు గళ్ళ నిఘంటువు మాటలు వారానికి మూడుసార్లు కనిపిస్తున్నాయంటే అది బద్ధకం. ఇంకో జబ్బు: గళ్ళకు సరిపోవడానికి ఒకచోట వృక్షం, ఇంకోచోట వృక్షము. ఏదో ఒక పద్ధతికి కట్టుబడాలి. ఇవి రెండూ సరిచూసుకుంటే రోజువారీకి థీమ్ లేనిదే మేలు. నింపేవాళ్ళకు ప్రతి ఆధారమూ కొత్తగా ఉంటుంది, కూర్చేవాళ్ళు రాజీపడాల్సిన అవసరం తక్కువ.

గూఢంగా ఆధారాలిచ్చే పద్ధతి మూడోది. నిజానికి ఇది పై రెండింటిలో దేనికైనా జోడించుకోవచ్చు. స్థలాల థీమ్‌కు దీన్ని మించిన మందు లేదు. 'విశాఖలో ఒక పారిశ్రామిక ప్రాంతం (4)' అంటే తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. 'చేతికి తొడిగేది ఏటిని చేరితే ఉక్కు ఊరి పొరుగు (4)' అంటే గాజు, వాక విడివిడిగా తెలిసిన ఎవరైనా గాజువాక రాబట్టగలరు. 'రాడయా! తడబడి సముద్రం ఒడ్డున తేలాడు (3)' అంటే ఆ మూడు అక్షరాలూ తారుమారై యారాడ. థీమ్ లేని చోట 'బడిపిల్లాడి పలక తిరగబడితే వడ్రంగికి పని (3)', కలప. అయితే ఆధారంలో ప్రతి మాటకూ ఏదో పని ఉండాలి. అందం కోసం చేర్చిన మాట నింపేవాళ్ళను దారి తప్పిస్తుంది. రోజూ ఇలా రాయడం మాత్రం అందరికీ సాగే పని కాదు, పదికి మూడు చాలు.

పదాల వేట, అక్షరాలు కలిపి మాటలు చేసే ఆటలు పిల్లల పేజీకి బాగుంటాయి. ఇంగ్లీషు, తెలుగు కలగలిపిన గళ్ళ జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

థీమ్ పెట్టి తీరాల్సిన రోజులూ ఉంటాయి. వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం అనుకోండి. ఆ రోజుకు 9×9 చాలు. చందనోత్సవం అయిదు గళ్ళు, సరిగ్గా నడిమి వరసలో 3 నుంచి 7 వరకు. చం, నో, వం కూడళ్ళు. ద, త్స వదిలేయండి. నట్టనడుమ 'నో' మీదుగా నిలువుగా వినోదం. పైన సింహాచలం నాలుగు గళ్ళు, దానికి ఎదురుగా కింద నిజరూపం నాలుగు గళ్ళు. ఇక్కడ ఒకటి గమనించాలి: సగం చుట్టు తిప్పితే సింహాచలం మొదటి గడికి నిజరూపం చివరి గడి జత. 'సిం' తో నిలువు పదం మొదలవ్వాలి గానీ ముగియదు, కాబట్టి 'పం' దగ్గర నిలువు పదం ముగియాలి. సింగం, దీపం సరిపోతాయి. అలాగే 'చ' కి 'జ' జత: చవి, పూజ. అప్పన్న, తదియ మూడేసి గళ్ళ జంట. 'అ' నెత్తిన నల్లగడి, 'య' కింద నల్లగడి. నిలువుగా అల, ఛాయ. ఈ కూడళ్ళన్నీ పెన్సిల్‌తో సరిచూశాకే మిగతా నల్లగళ్ళు దిద్దండి, ఆధారాలు అన్నిటికన్నా ఆఖర్న.