సంక్రాంతి 2024: గుంటూరు కారమా, హనుమానా?

2024 జనవరి 12న ఒకే రోజు విడుదలైన ‘గుంటూరు కారం’, ‘హనుమాన్’ చిత్రాలలో ఏది మేలన్న వాదన సినీ అభిమానుల మధ్య నేటికీ సాగుతూనే ఉంది. త్రివిక్రమ్, మహేశ్ బాబు కలయికపై పెట్టుకున్న ఆశలు ఆకాశాన్నంటడం వల్లనే మొదటి చిత్రంపై విమర్శ అంత ఘాటుగా వచ్చిందని, మహేశ్ హుషారుకూ ‘కుర్చీ మడతపెట్టి’ పాటలోని చిందులకూ దక్కాల్సిన మెప్పు అందులో కొట్టుకుపోయిందని ఆయన అభిమానులు అంటారు. ఆ మాటలో నిజముంది. అయితే తల్లితో బంధం తెంచుకుంటున్నట్టు రాసిన కాగితంపై కొడుకు సంతకం పెడతాడా లేదా అన్న బలమైన ప్రశ్నను చేతిలో ఉంచుకుని కూడా, కథ దానిని వదిలి పాటలు, పోరాటాల చుట్టూ తిరగడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ప్రశాంత్ వర్మ తీసిన ‘హనుమాన్’ మాత్రం తన ప్రశ్నను వదలలేదు. హీరోకు అతీత బలాన్నిచ్చే మణి పగటి వెలుగులోనే పనిచేస్తుందన్న చిన్న నియమం వల్ల, తేజ సజ్జా పోషించిన హనుమంతు ఎంత బలవంతుడైనా చీకటి పడితే మామూలు మనిషే అవుతాడు. ప్రేక్షకుడికి అతనిపై బెంగ పుట్టేది అక్కడే. విలన్ పాత్ర పలుచన అన్న ఆక్షేపణ న్యాయమైనదే. అయినా తక్కువ థియేటర్లతో మొదలై, ప్రేక్షకుల నోటిమాటతోనే వారం వారం తెరలు పెంచుకున్న ఈ చిత్రానికే నా ఓటు.