అశోక్‌నగర్ ఎకానమీ బ్యాచ్: లెక్కల కాడ మస్తు, కారణాల కాడ తొందర

ఈ ఇన్‌స్టిట్యూట్‌ల ఎకానమీ ఈవెనింగ్ బ్యాచ్ పోయిన వారమే అయిపోయింది. గ్రూప్-1 మెయిన్స్ కోసం జాయిన్ అయిన, ఫీజు కట్టేముందు రివ్యూలన్నీ చదివితే ఫ్యాకల్టీ సూపర్ అని తప్ప లోపల ఏం చెప్తరో ఒక్కరు రాయలే, అందుకే జర పెద్దగ రాస్తున్న.

ఒక్క టాపిక్ గురించే చెప్త, దేశాల అభివృద్ధిని కొలుచుడు. నా పాత మెటీరియల్‌ల అది రెండు పేజీలు. హెచ్‌డీఐ (మానవాభివృద్ధి సూచిక), 1990, మహబూబ్ ఉల్ హక్, అమర్త్య సేన్, మన ర్యాంకు, అంతే. బిట్టు వస్తే పెట్టేస్తం. ఈ సార్ మాత్రం ర్యాంకు చెప్పకముందే బోర్డు మీద మాతోని లెక్క చేపిచ్చిన్రు. 2025ల వచ్చిన ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి రిపోర్టు ప్రకారం మన ఆయుర్దాయం 72 ఏండ్లు, కింది హద్దు 20, పై హద్దు 85. అంటే 52ను 65తోని భాగించాలె, 0.8. ఆదాయానికి లాగ్ (లాగరిథం) ఎందుకు తీస్తరో నాకు డిగ్రీల కూడ అర్థం కాలే. నెలకు పది వేలొచ్చేటోనికి ఇంకో ఐదు వేలొస్తే ఇల్లు నడిచే తీరే మారిపోతది, ఐదు లక్షలొచ్చేటోనికి అదే ఐదు వేలు తెల్వనే తెల్వది, అందుకే అన్నరు. ఆరోగ్యం, చదువు, ఆదాయం మూడింటిని గుణించి ఘనమూలం తీసినం, నా ఫోన్ల సరిగ్గ 0.685 వచ్చింది. అప్పుడు సార్ రిపోర్టు తెరిచి చూపిచ్చిన్రు, అదే నంబరు, 193 దేశాలల్ల 130వ స్థానం. క్లాసంతా ఒక్కసారి సప్పుడయింది, నేనైతే ఆ స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకున్న.

నన్ను ఎక్కువ తాకింది చదువు సూచిక. అందుల రెండు నంబర్లుంటయి, 25 ఏండ్లు దాటినోళ్లు సగటున చదివింది 6.9 ఏండ్లు, ఇప్పుడు బడిల చేరే పిల్లలు చదువుతరని లెక్కేసింది 13 ఏండ్లు. సార్ మీ ఇంటి సగటు రాయుండ్రి అన్నరు. అమ్మ సున్నా, నాయిన ఐదు, నేను 17. మూడు కలిపి సగటు తీస్తే ఏడు చిల్లర, దాదాపు దేశం నంబరే. మాది మహబూబ్‌నగర్ దిక్కు, అమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊర్ల బడే లేకుండె. 6.9 అంటే మా అమ్మ లాంటోళ్లు అని నాకు ఆరోజు తెలిసింది, ఇంక ఆ నంబరు జన్మల మర్చిపోను.

పీపీపీ, అంటే ఒక్కో దేశంల పైసలకు ఎంత సామాను వస్తదో చూసి పోల్చుడు, అది కూడ బాగ చెప్పిన్రు. డాలరుకు బ్యాంకు రేటు 80 పైన ఉంటది గని కొనుగోలు శక్తి లెక్కల 20 చిల్లర రూపాయలే, ఎందుకంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ కాడ కటింగ్ చేపిచ్చుకునే పైసలకు అమెరికాల దువ్వెన కూడ రాదు.

ఇప్పుడు బాధ. కొలుచుడుకు నాలుగు క్లాసులు ఇచ్చి, దేశాల మధ్య అంత తేడా ఎందుకొచ్చిందనే దానికి ఒక్క క్లాసు, అది కూడ సిలబస్ అయిపోవాలని ఉరికిచ్చిన్రు. భౌగోళికం, వలస పాలన, సంస్థలు (అంటే దేశం నడిచే చట్టాలు, పాలన పద్ధతులు) అని డిక్టేషన్ ఇచ్చి అయిపోయిందన్నరు. 2024 ఎకనామిక్స్ నోబెల్ అసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లకు వచ్చిందే ఈ సంస్థల విషయంల, దానికి ఐదు నిమిషాలు. మెయిన్స్‌ల అడిగేది కారణాలే కద సార్.

క్లాసయినంక మెట్ల మీద పట్టుకొని అడిగితే మాత్రం సార్ విసుక్కోకుండ పావుగంట నిలబడి చెప్పిన్రు. బోట్స్‌వానా, సియెర్రా లియోన్, రెండింట్లనూ వజ్రాలున్నయి. సియెర్రా లియోన్‌ల 1991 నుంచి 2002 దాక అంతర్యుద్ధం, అదే వజ్రాలు యుద్ధానికి పైసలయినయి. బోట్స్‌వానాకు సముద్రమే లేదు, 1966ల స్వాతంత్ర్యం, కొత్తలనే ఖనిజ హక్కులు తెగల చేతుల నుంచి ప్రభుత్వానికి మార్చుకొని ఆ పైసలు రోడ్లకు, బడులకు పెట్టిన్రు. అట్లని సంస్థలుంటే సాలు అనుకోవద్దట, అదే బోట్స్‌వానాల ఎయిడ్స్ వల్ల 2000 ప్రాంతంల ఆయుర్దాయం ఘోరంగ పడిపోయింది, ఉత్త తలసరి ఆదాయం చూస్తే అది కనపడనే కనపడది. ఇంత మంచి ముచ్చట మెట్ల మీద నాకు, ఇంకో ఇద్దరికి చెప్పుడు ఏంది, 120 మంది ముందు మైక్‌ల చెప్పాలె కద.

మిగతాది, రూం చల్లగ ఉంటది, వెనుక బెంచీలకు బోర్డు సరిగ కనపడది, ముందే పోయి కూసోవాలె. తెలుగు మీడియం నోట్స్ జిరాక్స్ వారం లేటుగ వచ్చినయి. ఫీజుకు మాత్రం న్యాయం జరిగింది, నాలుగు స్టార్లు ఇస్తున్న.

కారణాలకు ఇంకో రెండు క్లాసులు పెట్టమని ఆఫీసుల కాయిదం రాసిచ్చిన, చూస్తమన్నరు. కొత్త బ్యాచ్‌ల చేరేటోళ్లు డెమో రోజు మీరు కూడ ఇదే అడుగుండ్రి, పది మంది అడిగితే పెడతరు.