జీడిమెట్ల, బాలానగర్ షెడ్ల వాళ్ళూ, అప్రెంటిస్‌లను ఇప్పించే కన్సల్టెన్సీతో జాగ్రత్త

పేరు అక్కర్లేదు, మీ గేటు దగ్గర కూడా కార్డు ఇచ్చే ఉంటారు. "ఐటీఐ ఫిట్టర్లు, టర్నర్లు, అంతా గవర్నమెంటు స్కీం, సగం స్టైపెండ్ మీ ఖాతాకి వాపసు" అంటారు. తలకింత అని ముందే పుచ్చుకుంటారు.

సగమూ రాదు, మన ఖాతాకీ రాదు. కేంద్రం భరించేది 25 శాతం, అదీ నెలకి ₹1500 దాటదు. 2023 నుంచి అది నేరుగా అప్రెంటిస్ ఖాతాలోనే పడుతోంది. మొహమాటపడితే రెండో పాట అందుకుంటారు: "పెట్టుకోకపోతే జరిమానా సార్." తప్పనిసరి 30 మంది, ఆపైన ఉన్న సంస్థలకే. 4 నుంచి 29 మంది ఉంటే మన ఇష్టం. ఇది వాళ్ళకి తెలియక కాదు.

అసలు దెబ్బ కాంట్రాక్టులో ఉంది. చేతిలో పెట్టేది స్టాంపు పేపరు, దాని మీద గుండ్రటి సీలు. 1961 అప్రెంటిస్ చట్టం కింద చెల్లాలంటే కాంట్రాక్టు కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. మన లాగిన్ నుంచి ఆఫర్ వెళ్ళాలి, కుర్రాడు తన లాగిన్‌లో ఒప్పుకోవాలి, కాంట్రాక్టు నంబరు రావాలి. అది లేకపోతే చట్టం లెక్కలో వాడు మామూలు వర్కరే. కనీస వేతనం, మన షెడ్డుకి వర్తిస్తే పీఎఫ్, ఈఎస్ఐ, అన్నీ చేరిన రోజు నుంచి మెడకి చుట్టుకుంటాయి. ఇక ఆ పిల్లవాడి సంగతి! ఏడాదంతా లేత్ మీద నిలబడినా చివర్లో పరీక్ష లేదు, జాతీయ సర్టిఫికెట్ లేదు.

నంబరేదయ్యా అని అడిగితే జవాబు: "సీలేసి ఇచ్చాం కదా సార్. పోర్టల్ పని వేరే ప్యాకేజీ." ప్యాకేజీ అట! ఇడ్లీ తిన్నాక చట్నీకి వేరే బిల్లు. పోనీ, లాగిన్ ఇచ్చెయ్, మేమే చేసుకుంటాం అంటే అసలు రంగు బయటపడింది. రిజిస్ట్రేషన్‌లో పాన్ మనది, జీఎస్టీ మనది, ఫోన్ నంబరూ మెయిలూ వాళ్ళవి. ఓటీపీ వాళ్ళకే పోతుంది. "బ్యాలెన్స్ క్లియర్ చేయండి, ఓటీపీ చెప్తాం" అని ఫోన్ పెట్టేశాడు. మన కంపెనీ తాళం మనకే అద్దెకిస్తున్నాడు! నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసుకునేవాళ్ళం, ఈ మాత్రం దానికి ఏజెంటు కావలసి వచ్చాడు మనకి.

పోర్టల్ రిజిస్ట్రేషన్‌కి రూపాయి ఫీజు లేదు. మీ నంబరు, మీ మెయిలుతో మీరే చేసుకోండి. కాంట్రాక్టు నంబరు వచ్చాకే కుర్రాణ్ణి మెషీన్ దగ్గరికి పంపండి. స్టైపెండ్ బ్యాంకులోనే వేయండి, చేతికివ్వొద్దు. 2019 రూల్స్ ప్రకారమే ఐటీఐ వాళ్ళకి కనీసం ₹7000, "నాలుగు వేలిస్తే చాలు" అనేవాణ్ణి అక్కడే ఆపండి. ఇంకొకటి, సర్టిఫికెట్ చూసి మురిసిపోకుండా వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) చేతికిచ్చి 0.02 మి.మీ. వరకు చదవమనండి. వాళ్ళు పంపిన "ఫిట్టర్"కి దాన్ని ఎటు పట్టుకోవాలో తెలీదు.