కొలత తప్పని ఫీడరు: ఒక లాబ్రడార్, ఒక పిల్లి ఉన్న ఇంటి నుంచి

పెంపుడు జంతువులకు నిర్ణీత వేళకు ఆహారం వదిలే ఆటోమేటిక్ ఫీడరును ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆదుకునే వస్తువుగా అమ్ముతున్నారు. భార్యాభర్తలిద్దరమూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళం కనుక మేమూ ఆ ఉద్దేశంతోనే కొన్నాము. ఒక నిండు వేసవి, ఒక నిండు వర్షాకాలం గడిచేదాకా వాడిన మీదట నాకు తేలినది వేరు. మనుషులు లేని గంటల్లో కంటే ఇద్దరమూ ఇంట్లో ఉన్న గంటల్లోనే ఈ యంత్రం మాకు ఎక్కువగా అక్కరకు వచ్చింది. వేళ సంగతి ఎలా ఉన్నా, కొలత తప్పకుండా పెట్టడంలోనే దాని గొప్పదనం ఉన్నదని ఇప్పుడు నా నమ్మకం.

మా నివాసం విజయవాడ పటమటలో మూడో అంతస్తు ఫ్లాటు. మావారు ఆటోనగర్‌లో పనిచేస్తారు, నేను రోజూ రైలులో గుంటూరు వెళ్ళి వస్తాను. ఇంట్లో బంటి అనే లాబ్రడార్, మిన్ను అనే నాటుపిల్లి ఉన్నాయి. తిరుగు రైలు కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర ఆగిపోయే సాయంత్రాల్లో నేను ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది, పని ఎక్కువున్న రోజున మావారికీ అంతే అవుతుంది. ఇలా వేళాపాళా కుదరని ఇంట్లో ఎవరు ముందు వస్తే వారు గిన్నె నింపుతారు. రెండోవారు వచ్చేసరికి కుక్క మళ్ళీ ఖాళీ గిన్నె ముందు కూర్చుని తోక ఊపుతూ ఉంటుంది, ఆ ముఖం చూసినవారెవరికైనా అది పొద్దుటి నుంచి పస్తున్నదనే అనిపిస్తుంది. లాబ్రడార్ల ఈ ఆకలికి శాస్త్రీయమైన కారణం కూడా ఉంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ జాతిలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం లోపించి ఉంటుంది. కడుపు నిండిన సంగతి మెదడుకు తెలిపే ఏర్పాటులో ఆ జన్యువుకు పాత్ర ఉన్నందువల్ల అటువంటి కుక్కలకు తిండి మీద యావ ఎక్కువగా ఉంటుంది, ఒళ్ళు కూడా త్వరగా చేస్తాయి.

ఫీడర్లు ఇంటికి వచ్చిన కొత్తలోనే టీకా కోసం బంటిని గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. డాక్టరుగారు దాని పక్కటెముకల మీద చేయి వేసి చూసి, ఎముకలు వేళ్ళకు తగలడం లేదని, అంటే ఒళ్ళు చేసిందని, ఇక మీదట కంటి అంచనాతో కాక తూకం వేసి పెట్టమని చెప్పారు. అప్పటి నుంచే ఆ యంత్రాన్ని టైంపీసులా చూడడం మాని కొలపాత్రగా చూడడం మొదలుపెట్టాము.

మేము కొన్నవి ఒకే కంపెనీవి రెండు: కుక్కకు ఆరు లీటర్లది, పిల్లికి నాలుగు లీటర్లది. కెమెరా ఉన్న పెద్దది ఏడు వేల రూపాయలకు దగ్గరగా పడింది, చిన్నది అంతకంటే తక్కువ. ఒకే రకమైన యంత్రాలు పలు పేర్లతో అమ్ముడవుతున్నందున కంపెనీ పేరు రాయడం లేదు, ఇక్కడ చెప్పే గుణదోషాలు ఈ తరహా ఫీడర్లలో చాలావాటికి వర్తిస్తాయి. పైన మూతబిగువుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా, దాని అడుగున మోటారుతో తిరిగే రెక్కల చక్రం, ముందు స్టీలు గిన్నె, ఇంతే నిర్మాణం. ఫోనులోని యాప్‌లో వేళ, విడతల సంఖ్య పెడితే చక్రం అన్నిసార్లు తిరిగి, రెక్కల మధ్య పట్టినన్ని డ్రై ఫుడ్ (పొడి ఆహారం) గింజలను గిన్నెలోకి వదులుతుంది.

కొనేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇక్కడే ఉంది. చక్రం గింజలను తూచదు, ఘనపరిమాణాన్ని మాత్రమే కొలుస్తుంది. యాప్‌లో ఒక విడత పది గ్రాములని రాసి ఉన్నా, మా కుక్క తినే పెద్ద గింజలతో ఒక విడతకు ఏడెనిమిది గ్రాములే పడింది, పిల్లి తినే చిన్న గింజలు దగ్గరగా సర్దుకోవడం వల్ల పదకొండు గ్రాముల దాకా పడింది. అందువల్ల కొత్త సంచి తెరిచిన ప్రతిసారీ పది విడతలు వరసగా వదిలించి, వంటింటి డిజిటల్ త్రాసులో తూచి, పదితో భాగించి, ఆ సరాసరిని బట్టి విడతల సంఖ్య మార్చుకోవాలి. ఈ పని చేయకుండా యాప్‌లోని అంకెను నమ్మితే అన్ని వేలు పోసి కొన్న యంత్రం కంటే గ్లాసుతో కొలిచి పెట్టడమే మేలు. గింజ మరీ పెద్దదైతే చక్రంలో ఇరుక్కుంటుంది కూడా, మా దానిలో పన్నెండు మిల్లీమీటర్లు దాటిన గింజలు నమ్మకంగా పడలేదు.

ఎంత పెట్టాలన్న లెక్క డాక్టరుగారే నేర్పారు. జంతువు బరువును కిలోలలో తీసుకుని దాని 0.75 ఘాతాన్ని 70తో గుణిస్తే, విశ్రాంతిగా ఉన్న శరీరానికి రోజుకు కావలసిన కెలోరీలు వస్తాయి. 30 కిలోల కుక్కకు అది సుమారు 900. సంతాన నిరోధక ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు దానిని 1.6తో గుణించి 1,440 వరకు ఇవ్వవచ్చు, బరువు తగ్గించవలసిన కుక్కకైతే అది చేరవలసిన బరువుకు లెక్కకట్టి, ఏమీ గుణించకుండా అంతే ఇవ్వాలి. నాలుగు కిలోల పిల్లికి మొదటి అంకె 200 లోపు వస్తుంది, దానిని 1.2తో గుణిస్తే సుమారు 240. నూరు గ్రాములకు 360 కెలోరీలు ఉన్న డ్రై ఫుడ్ అయితే ఆ కుక్కకు నాలుగు వందల గ్రాములు, ఆ పిల్లికి సుమారు అరవై ఆరు గ్రాములు సరిపోతాయి. పిల్లి కొలత విన్నప్పుడు మావారు నమ్మలేదు. గుప్పెడు గింజలతో ఒక జీవికి రోజంతా గడుస్తుందంటే ఎవరికైనా నమ్మశక్యంగా ఉండదు, కానీ మిన్ను బరువు అప్పటి నుంచి నిలకడగా ఉంది.

పెరుగన్నం పెట్టడం ఈ యంత్రం వల్ల కాదు. మన ఇళ్ళలో కుక్కకు పెట్టడమంటే రాత్రి పెరుగన్నం కలిపి పెట్టడమే, మా అత్తగారు వచ్చినప్పుడు ఆ పని మరెవరికీ ఇవ్వరు. బంటికి కూడా రోజంతటిలో ప్రీతి ఆ ముద్ద మీదనే. దానిని మాన్పించడం న్యాయమని నాకు అనిపించలేదు, అయితే లెక్కలోకి తీసుకోవడం తప్పనిసరి. సమతుల ఆహారానికి అదనంగా పెట్టేవి రోజు కెలోరీలలో పదో వంతు దాటకూడదన్నది పశువైద్యుల సూత్రం. వండిన అన్నం నూరు గ్రాములకు సుమారు 130 కెలోరీలు కనుక, బంటికి రాత్రిపూట చిన్న గిన్నెడు పెరుగన్నం ఉంచుకుని, ఆ మేరకు ఫీడరులో విడతలు తగ్గించాము. కంచంలో మిగిలిన పప్పూ పులుసూ కలపడం మాత్రం పూర్తిగా మానుకోవాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకూ పిల్లులకూ ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికించినంత మాత్రాన ఆ గుణం పోదు. ఈ ఏర్పాటు కుదిరాక మా ఇద్దరి మధ్య "నువ్వు పెట్టావా", "మీరు పెట్టారా" అన్న ప్రశ్నలు ఆగిపోయాయి. ఎంత పడిందో, ఎప్పుడు పడిందో ఇద్దరి ఫోన్లలోనూ కనిపిస్తుంది, చేతితో పెట్టేది ఆ ఒక్క ముద్దే.

విజయవాడ వాతావరణం ఈ వస్తువుకు అనుకూలమైనది కాదు. డ్రై ఫుడ్‌లో తేమ సాధారణంగా పది శాతం దగ్గర ఉంటుంది, వానాకాలపు గాలిలో మూత సరిగా బిగియని డబ్బాలోని గింజలు రెండు మూడు రోజులకే మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి, అప్పుడు చక్రం తిరిగినా గిన్నెలో ఏమీ పడదు. బూజు పట్టిన గింజలు తింటే కాలేయానికి ప్రమాదం. ఎండలు నలభై అయిదు డిగ్రీలను తాకే రోహిణి కార్తెలో గింజల్లోని కొవ్వు త్వరగా మక్కు వాసన వేస్తుంది. డబ్బా ఆరు లీటర్లు పడుతుందని నిండా పోయడం ఈ ఊళ్ళో పనికిరాదు. మూడు రోజులకు సరిపడినంతే పోసి, మిగిలినది అసలు సంచిలోనే గాలి తీసి మడిచి ఉంచాలి. మూతలో పెట్టే తేమ పీల్చే పొట్లాలను కంపెనీ నెలకొకసారి మార్చమంటుంది, వానల్లో పదిహేను రోజులకే మార్చవలసి వస్తోంది.

చీమల సంగతి ఏ ప్రకటనలోనూ కనిపించదు. గిన్నెలో నాలుగు గింజలు మిగిలితే చాలు, గంటలో బారు కడతాయి. అలవాటు కొద్దీ చాలామంది చుట్టూ చీమల చాక్‌పీసుతో గీత గీస్తారు. పిల్లి ఉన్న ఇంట్లో ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దని వేడుకుంటున్నాను. ఆ సుద్దలో ఉండేవి సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి పైరెత్రాయిడ్ మందులు. వాటిని విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, పైగా పాదానికి అంటినదాన్ని అది నాకి శుభ్రం చేసుకుంటుంది. నేలను ఫినాయిల్‌తో తుడవడం కూడా ఇదే కారణం చేత పిల్లికి హాని. పాతకాలపు పద్ధతిలో వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో ఫీడరును పీట మీద నిలబెడితే చీమలు రావు, కరెంటు తీగ నీటికి తగలకుండా పైనుంచి తీసుకోవాలి.

రెండు జంతువులున్న ఇంట్లో మరో చిక్కు, ఒకదాని తిండి మరొకటి తినడం. పిల్లి ఆహారంలో మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువ కనుక అది కుక్కను లావెక్కిస్తుంది. కుక్క ఆహారంతో పిల్లిని పెంచితే గుండెకూ కంటికీ అవసరమైన టారిన్ అనే పోషకం చాలక కాలక్రమంలో జబ్బు చేస్తుంది. మెడ చర్మం కింద అమర్చిన గుర్తింపు చిప్‌ను చదివి మూత తెరిచే ఫీడర్లు ఉన్నాయి కానీ ధర చాలా ఎక్కువ. మేము మిన్ను ఫీడరును కుట్టుమిషను బల్ల మీదికి మార్చాము. పిల్లి ఎగిరి అందుకుంటుంది, బంటికి ముట్టె కూడా అందదు. దీనికి అదనపు ఖర్చు ఏమీ లేదు.

కరెంటు పోయినప్పుడు పనిచేయడానికి అడుగున మూడు పెద్ద టార్చిలైటు బ్యాటరీలు వేసుకోవచ్చు. అవి చిన్న కొట్లలో ఇప్పుడు దొరకడం లేదు, బీసెంట్ రోడ్డుకు వెళ్ళి తెచ్చుకున్నాము. వేళల పట్టిక యంత్రంలోనే నిలవ ఉంటుంది కనుక వైఫై లేకపోయినా గింజలు పడతాయి, ఇది కొనేముందు తప్పక విచారించవలసిన లక్షణం. మొదటిసారి జత చేసేటప్పుడు ఇటువంటి యంత్రాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే గుర్తిస్తాయని తెలిస్తే చాలా సమయం కలిసివస్తుంది.

పది సెకన్ల పిలుపును రికార్డు చేసే సదుపాయం మావారికి బాగా నచ్చి, తన గొంతుతోనే బంటిని పిలిచేలా పెట్టారు. కెమెరాలో చూస్తే ఆ గొంతు వినగానే బంటి గిన్నె వదిలి తలుపు దగ్గరకు పరుగెత్తి, అక్కడే చాలాసేపు నిలబడి ఉంది. మనిషి రాకుండా గొంతు మాత్రం రావడం ఆ ప్రాణికి బాధ కలిగిస్తుందని ఇద్దరికీ అనిపించి ఆ సదుపాయం తీసివేశాము. మిన్ను విషయంలో ఫలితం వేరుగా ఉంది. తెల్లవారుజామున అయిదింటికి మా ముఖాల మీద పాదం పెట్టి లేపే అలవాటు ఉన్న పిల్లి, ఇప్పుడు నేరుగా వెళ్ళి యంత్రం ముందు కూర్చుంటోంది. తిండి ఇచ్చేది మేము కాదని, ఆ డబ్బా అని దానికి అర్థమయింది.

లోపాల్లో పెద్దది మరమ్మతు. పెద్ద ఫీడరు చక్రం ఇరుక్కుని మోటారు ఆగిపోయినప్పుడు, వారంటీ ఉన్నా నగరంలో సేవాకేంద్రం లేదని, కొరియరులో పంపమని కంపెనీవారు చెప్పారు. అది తిరిగి వచ్చేదాకా గ్లాసు, త్రాసు పట్టుకుని చేత్తోనే పెట్టాము. చక్రం విడదీసి కడగడానికి వీలుండడం మంచిదే గాని, రెక్కల మూలల్లో పేరుకున్న నూనె పొడిని టూత్‌బ్రష్‌తో తోమితే తప్ప పోదు, కడిగాక పూర్తిగా ఆరకముందే బిగిస్తే తడికి గింజలు ముద్ద కడతాయి.

ఇద్దరూ పనిచేసే ఇంటికి, అందులోనూ ఒళ్ళు చేసే జాతి కుక్క ఉన్న ఇంటికి, దీనిని నిస్సంకోచంగా కొనమంటాను. తడి ఆహారమూ ఇంటి అన్నమూ మాత్రమే తినే జంతువుకు ఇది దండగ. ఊరు వెళ్ళి రెండు రోజులు ఉండవచ్చన్న ధైర్యంతో కొనేవారికి మాత్రం వద్దని చెబుతాను. నీళ్ళ గిన్నె మార్చడం, పిల్లి ఇసుక ట్రే శుభ్రం చేయడం, కుక్కను నడిపించడం ఎవరో ఒక మనిషి చేయవలసినవే. అందుకే పెళ్ళికి ఊరెళ్ళినా మేము ఎదురింటి పిన్నిగారికి తాళం ఇచ్చే వెళ్తున్నాము. ఇప్పుడు మళ్ళీ కొనవలసి వస్తే కెమెరా లేని రకమే తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి డిజిటల్ త్రాసు ఒకటి, విడి చక్రం ఒకటి ముందే తెప్పించుకుంటాను.