పోస్ట్‌మార్టం కిడ్నీలకు ఐఎఫ్ చేయించాలనుకునే పీజీల కోసం: ఒక ల్యాబ్ రివ్యూ

ఆటాప్సీ కిడ్నీల మీద థీసిస్ తీసుకున్న ప్రతి పాథాలజీ పీజీ ఏదో ఒక రోజు అడిగే ప్రశ్న, ఇమ్యూనోఫ్లోరసెన్స్ (ఐఎఫ్, అంటే వెలిగే రంగు తగిలించిన యాంటీబాడీలతో ముక్కలోని ప్రోటీన్లను చూపించే పరీక్ష) ఎక్కడ చేయించాలి అని. మాది జిల్లా మెడికల్ కాలేజీ, ఫ్లోరసెంట్ మైక్రోస్కోప్ లేదు, అందుకే హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ల్యాబ్‌కి పంపించాం. పేరు చెప్పను, మెచ్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయో తిట్టాల్సినవీ అన్నే ఉన్నాయి.

అసలు ఎందుకు పంపాలి అంటే, బీపీతో గోడలు మందమైన రక్తనాళాలు, షుగర్ వాళ్ల గ్లోమెరులస్‌లో (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్న రక్తనాళాల ఉండ) కనిపించే గుండ్రటి నాడ్యూల్స్, పాత ఇన్‌ఫెక్షన్ మచ్చలు, ఇవన్నీ హెచ్ అండ్ ఈ, పీఏఎస్ అనే మామూలు రంగులు వేసిన స్లైడ్ల మీద మన దగ్గరే తేలిపోతాయి. ఐజీఏ అనే యాంటీబాడీ గ్లోమెరులస్‌లో పేరుకోవడం మాత్రం అలా తేలదు. మెసాంజియంలో (గ్లోమెరులస్ రక్తనాళాల మధ్య ఆసరాగా ఉండే భాగం) కొంచెం కణాలు పెరిగినట్టు అనిపిస్తుంది, ఒక్కోసారి అది కూడా ఉండదు, గ్లోమెరులస్ చూడటానికి నార్మల్‌గానే ఉంటుంది. పారిస్‌లో బెర్జే, ఇంగ్లే 1968లో ఐజీఏ నెఫ్రోపతీ అనే ఈ జబ్బును బయటపెట్టగలిగింది కూడా ఐఎఫ్ వల్లే. ఇంకో సంగతి, బతికినంత కాలం ఏ కిడ్నీ కంప్లయింటూ లేనివాళ్లలోనూ ఇలా పేరుకున్న ఐజీఏ డిపాజిట్లు దొరుకుతాయి. సింగపూర్‌లో ఆటాప్సీల్లో నూటికి నాలుగు దాకా చూశారు, జపాన్‌లో మార్పిడికి ఇచ్చిన కిడ్నీలను పరీక్షిస్తే దాదాపు 16 శాతం. యాక్సిడెంట్‌లో పోయిన పాతికేళ్ల కుర్రాడి కిడ్నీలో ఐజీఏ కనిపిస్తే కంగారు పడొద్దు అనడానికి ఈ లెక్కలు చాలు.

ఇప్పుడు ల్యాబ్ సంగతి. కిట్ బాగుంది, మిషెల్ ద్రావణం ఉన్న చిన్న సీసాలు పంపుతారు. అందులో అమ్మోనియం సల్ఫేట్ ఉంటుంది, ముక్కను ఫార్మలిన్‌లా ఫిక్స్ చేయకుండా యాంటీబాడీలను కొన్ని రోజులు కాపాడుతుంది, కొరియర్ ఒక రోజు లేటయినా టెన్షన్ అక్కర్లేదు. సీసా మీద తయారైన తేదీ మాత్రం లేదు, ఫోన్ చేసి అడిగితేనే చెప్పారు. ఫార్మలిన్ ముట్టిన ఫోర్సెప్స్‌తో ఆ ముక్కను తీయొద్దని మార్చురీ అటెండర్‌కి ముందే గట్టిగా చెప్పుకోవాల్సింది మీరే, కిట్‌లో ఆ మాట ఎక్కడా రాసి లేదు.

నాకు నిజంగా కోపం తెప్పించింది వాళ్ల రిక్విజిషన్ ఫారం. అది బతికున్నవాళ్ల బయాప్సీ కోసం తయారైంది, చనిపోయి ఎన్ని గంటలైంది, బాడీ ఫ్రీజర్‌లో ఉందా బయట ఉందా అనే కాలమ్ లేదు. ఆటాప్సీ కిడ్నీకి అదే ప్రాణం కదా! ట్యూబ్యూల్స్ (మూత్రం పారే సన్నని గొట్టాలు) ముందు చెడిపోతాయి, కణాలు ఊడి లోపల పడతాయి, చూస్తే బతికుండగానే ట్యూబ్యూల్స్ దెబ్బతినే అక్యూట్ ట్యూబ్యులర్ నెక్రోసిస్ అనిపిస్తుంది, గ్లోమెరులస్ ఇంకొంచెం సేపు నిలబడుతుంది. ఐఎఫ్‌లో కూడా చెడిపోయిన ముక్క నిండా మసక వెలుగు వస్తుంది. ఒక కేసులో ఐజీజీ (ఇంకో యాంటీబాడీ) పాజిటివ్ అని రాసేశారు, మేము రక్తంలో ఉండే మామూలు ప్రోటీన్ అల్బుమిన్‌కి కూడా స్టెయిన్ వేయమని అడిగితే అదీ అచ్చం అలాగే వెలిగింది, అంటే రక్తంలోని ప్రోటీన్ ఇంకిపోయిందే తప్ప అది ఇమ్యూన్ డిపాజిట్ కాదు. రిపోర్ట్ మార్చి ఇచ్చారు, గొడవ పడలేదు, కానీ ఆటాప్సీ శాంపిల్ అని తెలిశాక అల్బుమిన్ వాళ్లే వేయాలి.

ప్యానెల్‌లో ఐజీజీ, ఐజీఏ, ఐజీఎమ్ యాంటీబాడీలు, సీ3, సీ1క్యూ అనే కాంప్లిమెంట్ ప్రోటీన్లు, కాప్పా, లాంబ్డా అనే యాంటీబాడీ గొలుసులు అన్నీ వస్తాయి, ఫొటోలు మాత్రం థీసిస్‌లో పెట్టుకునేంత క్వాలిటీ లేదు, ఒరిజినల్ ఫైళ్లు విడిగా అడగాలి.

రిపోర్టింగ్ చేసే మేడమ్‌కి మాత్రం ఫుల్ మార్కులు. మెసాంజియంలో ఐజీఏ గట్టిగా వచ్చిన కేసులో ఐజీఏ నెఫ్రోపతీ అని ముద్ర వేయకుండా, డిపాజిట్లు ఉన్నాయి, మూత్రంలో రక్తం, ప్రోటీన్ పోయేవో లేదో తెలియదు కాబట్టి జబ్బు అనలేం అని రాశారు. మూసుకుపోయిన గ్లోమెరులస్‌లో ఐజీఎమ్, సీ3 చిక్కుకోవడాన్ని కూడా అక్కడికే వదిలేశారు, దాన్ని పెద్ద కథ చేయలేదు. మా గైడ్ సార్‌కి బాగా నచ్చింది ఇదే.

రేటు స్టైపెండ్ మీద బతికేవాళ్లకు బరువే. ఎక్కువ శాంపిల్స్ ఒకేసారి పంపితే తగ్గిస్తారు, అడిగితేనే. ముక్క ఐఎఫ్‌కి పనికిరాకపోతే ప్రోనేజ్ అనే ఎంజైమ్ వాడి పారఫిన్ (మైనం) బ్లాక్ మీద చేసే పద్ధతి వాళ్ల దగ్గర ఉంది, దానికి వేరే బిల్లు, పైగా ఆ పద్ధతిలో సీ3 సరిగా పట్టదు, కాబట్టి దాన్ని నమ్ముకుని ముక్కను లేటుగా తీయొద్దు.

నా రేటింగ్ ఐదుకి మూడున్నర. పంపేముందు ఎథిక్స్ కమిటీ లెటర్ కాపీ జత చేయండి, చనిపోయిన సమయం ఫారం వెనక పెన్నుతో రాయండి, అల్బుమిన్ అని కూడా అక్కడే రాసేయండి.