చలికాలం సాధన: బయటా, ఇంట్లోనా? ఏది మేలు?

చలికాలం రాగానే పరుగూ సైకిలూ మూలపడితే, తప్పంతా మన బద్ధకానిదే అనుకుంటాం. కొంచెం నిదానంగా చూస్తే వేరే సంగతి కనబడుతుంది. ఎండాకాలంలో షార్ట్స్ తొడుక్కుని బూట్లు కట్టుకుంటే రెండు నిమిషాల్లో రోడ్డు మీద ఉంటాం. చలికాలంలో అదే పనికి లోపలి బనీను, గాలి ఆపే జాకెట్, గ్లవ్స్, టోపీ, లైట్లు కావాలి. ఆ పైన బయట చీకటి, నేల తడిగా ఉందో మంచు గట్టిందో అన్న అనుమానం. మంచం దిగిన దగ్గర్నుంచి మొదటి అడుగు పడేదాకా "ఇవాళ్టికి వద్దులే" అనడానికి పది చోట్ల సందు దొరుకుతుంది. అందుకే ఏ పద్ధతి మేలో తేల్చేటప్పుడు ముందుగా చూడాల్సింది, మొదలుపెట్టేలోపు ఎన్ని నిర్ణయాలు అడ్డొస్తున్నాయన్నది. ఎంత కష్టమైన సాధన అన్నది ఆ తర్వాతి మాట.

బయటి దారి

బయటికి వెళ్లడంలో ఉన్న పెద్ద లాభం వెలుగు. మబ్బు పట్టిన చలికాలపు మధ్యాహ్నం కూడా బయట వెలుగు 1,000 లక్సులకు (వెలుగును కొలిచే లెక్క) పైనే ఉంటుంది. ఇంట్లో దీపాల కింద సాధారణంగా ఉండేది 100 నుంచి 500. పగటి వెలుగు తగ్గే నెలల్లో కొందరికి ఏటా వచ్చే దిగులును 1984లో నార్మన్ రోసెంతాల్ బృందం ఒక రుగ్మతగా వర్ణించింది. రుగ్మత దాకా వెళ్లని వాళ్లలో కూడా ఈ నెలల్లో ఉత్సాహం సన్నగిల్లడం మామూలే. కాబట్టి వారానికి రెండు సార్లయినా పగటిపూట బయట పరుగెత్తడం ఒక్క కాళ్ల కోసమే కాదు. అది అస్సలు కుదరని వాళ్లు పొద్దున్నే 20 నుంచి 30 నిమిషాలు 10,000 లక్సుల దీపం ముందు కూర్చోవచ్చు. కంటి జబ్బులున్నవాళ్లు, బైపోలార్ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా అది వాడకూడదు.

బట్టల విషయంలో అందరూ చేసే పొరపాటు ఎక్కువ వేసుకోవడం. గుమ్మంలో నిలబడ్డప్పుడు వెచ్చగా, హాయిగా ఉందంటే పావుగంటలో చెమటతో తడిసిపోతారు. తర్వాత వేగం తగ్గగానే ఆ తడే వణికిస్తుంది. ఉన్న ఉష్ణోగ్రత కంటే 8 నుంచి 10 డిగ్రీలు ఎక్కువ ఉందనుకుని బట్టలు ఎంచుకోండి, మొదటి పది నిమిషాలు చలి ఓర్చుకోండి. ఒంటికి ఆనుకునే పొర నూలుది కాకూడదు. నూలు తడిని పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది, ఉన్ని తడిసినా వెచ్చగా ఉంచుతుంది. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే రకం వెచ్చన. సైకిల్ తొక్కేవాళ్లు పాదాలు గడ్డకడుతున్నాయని రెండు జతల సాక్సులు వేసి బూట్లలో ఇరికిస్తారు. దాంతో రక్తప్రసరణకు చోటు లేక పాదాలు ఇంకా చల్లబడతాయి. సాక్సులు ఒక్క జతే చాలు, బూట్ల మీద గాలి ఆపే కవర్ వేయండి.

గాలి ఎటు వీస్తోందో చూసి దారి ఎంచుకోవాలి. ఎదురుగాలిలో బయల్దేరి, గాలి వాలున వెనక్కి రావాలి. తిరగేస్తే, తడిసిన ఒంటికి, అలసిన కాళ్లకు తిరుగు ప్రయాణమంతా ఎదురుగాలే.

నేల జారే రోజుల సంగతి వేరు. సున్నాకు బాగా కింద ఉండే రోజుల కన్నా సున్నా చుట్టూ ఊగిసలాడే రోజులే ఎక్కువ ప్రమాదం. పగలు కరిగిన నీళ్లు రాత్రి గడ్డకట్టి, మీద పల్చటి తడితో కంటికి కనబడకుండా ఉంటాయి. అడుగు చిన్నది చేయాలి, మలుపుల్లో నడవాలి, వేగం లెక్క మర్చిపోవాలి. చీకట్లో మెరిసే పట్టీలు ఛాతీ మీద కంటే చీలమండలకూ మోకాళ్లకూ కట్టుకోండి. కదిలే కీళ్లను చూసి డ్రైవర్లు అది మనిషేనని త్వరగా గుర్తుపడతారు.

ఎంత చలి దాకా బయటికి వెళ్లొచ్చు? గాలి ప్రభావంతో కలిపి మైనస్ 27 డిగ్రీలకు దిగితే, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. అంతర్జాతీయ స్కీ సమాఖ్య దూరపు స్కీ పోటీల్లో ట్రాక్‌లో అతి చల్లని చోట మైనస్ 20 కంటే దిగితే పోటీ నడపదు. అలాంటి చలిలోనే పెరిగి పోటీ పడేవాళ్లకే ఆ హద్దు ఉంటే, మామూలు సాధకులు దానికి చాలా ముందే ఆగిపోవడం మేలు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇంత చలి కూడా అక్కర్లేదు. చల్లటి పొడిగాలి జోరుగా పీల్చినా చాలు, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. ముక్కూ నోరూ కప్పే పల్చటి బట్ట కొంత సాయం చేస్తుంది.

ఇంటి దారి

ట్రెడ్‌మిల్, సైకిల్ ట్రైనర్ (సైకిల్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) గురించి అందరూ అనే మాట ఒకటే: బోరు. అందులో సగం బోరు కాదు, వేడి. సైకిల్ తొక్కేటప్పుడు ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిలో 20 నుంచి 25 శాతమే పెడళ్లకు చేరుతుంది. మిగతాదంతా వేడే. 200 వాట్లతో తొక్కుతున్న మనిషి ఒంట్లోంచి 600 నుంచి 800 వాట్ల వేడి బయటికి పోవాలి. రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల గాలి దాన్ని లాక్కుపోతుంది. గదిలో గాలి కదలదు. అందుకే అదే వాట్లకు గుండె వేగం నిమిష నిమిషానికీ పైకి పాకుతుంది, ఇరవయ్యో నిమిషానికి "ఇక నావల్ల కాదు" అనిపిస్తుంది. గదిని 16 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉంచి, నేల మీద పెట్టే పెద్ద ఫ్యాన్‌ను ఎదురుగా ఛాతీకి తగిలేలా పెట్టండి. చిన్న బల్ల ఫ్యాన్ చాలదు. బిగువును తనే మార్చుకునే ఖరీదైన స్మార్ట్ ట్రైనర్ కొనేముందు ఈ ఒక్క మార్పు చేసి చూడమంటాను. చాలామందికి గంటసేపు తొక్కలేకపోవడానికి కారణం అక్కడే ఉంటుంది.

ట్రైనర్ మీద సైకిల్ పక్కలకు ఊగదు కాబట్టి బరువంతా సీటు మీద ఒకేచోట పడుతుంది. ప్రతి పది నిమిషాలకు అరనిమిషం లేచి నిలబడి తొక్కాలి. చెమట హ్యాండిల్ మధ్య బోల్టుల్లోకి, హ్యాండిల్ తిరిగే బేరింగుల్లోకి (హెడ్‌సెట్) కారి తుప్పు పట్టిస్తుంది, కాబట్టి హ్యాండిల్ మీద తువ్వాలు కప్పి ఉంచాలి. వెనక చక్రాన్ని రోలర్‌కు ఆనించే రకం ట్రైనర్ అయితే పది నిమిషాలు తొక్కి టైరు వేడెక్కాకే కాలిబ్రేట్ చేయాలి, అంటే దాని కొలత సరిచేయాలి. చల్లటి టైరుతో చేస్తే లెక్క తప్పుతుంది. స్మార్ట్ ట్రైనర్‌లో ఎర్గ్ మోడ్ (మనం చెప్పిన వాట్లను మెషీనే నిలబెట్టే పద్ధతి) వాడేటప్పుడు తొక్కే వేగం పడిపోతే, చెప్పిన వాట్లు నిలబెట్టడానికి మెషీన్ ఇంకా బిగిస్తుంది. దాంతో కాళ్లు ఇంకా నెమ్మదిస్తాయి, చివరికి పెడళ్లు ఆగిపోతాయి. బిగుస్తోందని అనిపించగానే ఎర్గ్ ఆపేసి, కాళ్ల వేగం నిమిషానికి 90 చుట్లకు తెచ్చుకుని మళ్లీ వేయాలి.

ట్రెడ్‌మిల్‌లో గాలి నిరోధం ఉండదు కాబట్టి 1 శాతం ఎత్తు పెట్టాలంటారు. వేగంగా పరుగెత్తేవాళ్లకు అది సరైనదే, నెమ్మది పరుగులో తేడా లెక్కలోకి రాదు. అంతకన్నా పెద్ద తేడా మెషీన్ చూపించే వేగంలో ఉండొచ్చు. బెల్టు పొడవు టేపుతో కొలిచి, అంచున సుద్దతో గీత పెట్టండి. మీరు పరుగెత్తుతుండగా పక్కన ఒకరు నిమిషంలో ఆ గీత ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. బెల్టు 3.2 మీటర్లు, 52 చుట్లు అయితే నిమిషానికి 166 మీటర్లు, అంటే గంటకు 10 కిలోమీటర్లు. మెషీన్ 11 అని చూపిస్తోందంటే "చలికాలంలో వేగం పెరిగింది" అనే సంతోషం వసంతంలో రోడ్డు మీద కరిగిపోతుంది.

మరి ఏది మేలు? జోరు సాధనలు ఇంట్లో, నెమ్మదిగా సాగే పొడవైనవి బయట. చీకట్లో, జారే నేల మీద, చల్లటి గాలి రొప్పుతూ పీల్చే ఇంటర్వెల్స్‌లో (కాసేపు జోరు, కాసేపు తేలికగా మార్చి మార్చి చేసే సాధన) లాభం కన్నా నష్టమే ఎక్కువ. ట్రైనర్ మీద 45 నిమిషాల్లో అది శుభ్రంగా అయిపోతుంది: పది నిమిషాలు వేడెక్కడం, 4 నిమిషాల జోరు నాలుగు సార్లు, ప్రతిదాని తర్వాత 3 నిమిషాల తేలిక, చివర 7 నిమిషాలు చల్లబడడం. రెండు గంటల ట్రెడ్‌మిల్ పరుగు మాత్రం మనసును అరగదీస్తుంది. ఆ దూరం వారాంతంలో పట్టపగలు బయటే చేయాలి. ఒక షరతు. సైకిల్ చలికాలమంతా ట్రైనర్‌కు బిగించే ఉండాలి. ప్రతిసారీ విప్పి బిగించాల్సి వస్తే ఇంటి దారికి ఉన్న లాభమంతా పోయినట్టే.

పోటీ తేదీయా, వారం లెక్కా?

వసంతంలో పోటీకి పేరు ఇవ్వడం చాలామంది చెప్పే మందు. మందు మంచిదే, కానీ పనిచేయడానికి టైము పడుతుంది. బోస్టన్ మారథాన్ ఏటా ఏప్రిల్ మూడో సోమవారం జరుగుతుంది. మారథాన్ ప్రణాళికలు సాధారణంగా 16 నుంచి 18 వారాలు కాబట్టి ఆ సాధన డిసెంబరులో మొదలవ్వాలి. డిసెంబరు చీకట్లో ఏప్రిల్ చాలా దూరం. పోటీ భయం నిజంగా మంచం దింపేది చివరి రెండు నెలల్లోనే. అంతకుముందు నడిపించేది వారం లెక్క: ఈ వారం నాలుగు సార్లు, అందులో ఒకటి జోరుగా.

రోజూ తప్పకుండా చేసే వరస కంటే వారం లెక్కకే నా ఓటు. వరస బాగున్నన్నాళ్లు బాగుంటుంది. ఒక్క జ్వరంతో తెగిందంటే దాంతోపాటు పట్టుదలా తెగిపోతుంది, లేదా తెగకూడదని జ్వరంలోనే పరుగెడతారు. అలవాట్ల మీద ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు. అంటే డిసెంబరులో మొదలుపెట్టినవాళ్లకు ఫిబ్రవరి దాకా తేలిక కాకపోవచ్చు. అది వాళ్ల లోపం కాదు.

వారం లెక్కకు ముందే రాసుకున్న జవాబులు తోడవ్వాలి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో వివరించిన "ఇలా అయితే అలా" పద్ధతి ఇదే. "వాన పడితే చూద్దాం" అనుకుంటే ఆ రోజు పోయినట్టే. "ఆరింటికి రోడ్డు తడిగా మెరుస్తుంటే ట్రైనర్ ఎక్కుతాను" అని ముందురోజే అనుకుంటే పొద్దున తేల్చుకోవాల్సింది ఏమీ మిగలదు. సీసాలో నీళ్లు, తువ్వాలు, గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ రాత్రే తీసి పెట్టుకోవాలి. చలిలో దాహం తెలియదు కాబట్టి నీళ్ల సీసా చలికాలంలోనూ ఉండాలి.

ఒంటరిగానా, జతగానా?

బయటి సాధనకు జత ఉండాలి. మూల మలుపులో ఒకరు మన కోసం చలిలో నిలబడి ఉన్నారంటే మానేయడం కష్టం. అయితే పెద్ద గుంపుతో చిక్కు ఉంది: వేగం ముందున్నవాళ్లు నిర్ణయిస్తారు, నెమ్మదిగా చేయాల్సిన రోజు కాస్తా మధ్యస్థంగా మారుతుంది, అలసట పేరుకుంటుంది. పూర్తి వాక్యాలు ఆగకుండా మాట్లాడలేకపోతే ఆ రోజు తేలిక రోజు కానట్టే. సమాన వేగమున్న ఒక్క మనిషి, వారంలో ఒక్క రోజు గుంపు, ఇంతే సరి. ట్రైనర్ తొక్కుతూ ఆన్‌లైన్‌లో ఇతరులతో కలిసే జ్విఫ్ట్ లాంటి యాప్‌లలో గుంపు రైడ్లు ఒంటరి గదిలో బాగా ఆదుకుంటాయి, కానీ వారానికి మూడు రేసులంటే జనవరికే కాళ్లు చచ్చుబడతాయి.

పొద్దునా, సాయంత్రమా అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. పని ఎప్పుడు మీదికి వచ్చిపడదో ఆ వేళే మంచిది. పొద్దున అయితే వేడెక్కడానికి ఐదు నిమిషాలు ఎక్కువివ్వండి, రాత్రి అయితే నిద్రకు ముందు గంటలో జోరు వద్దు.

తగ్గించాల్సి వస్తే ఏది తగ్గించాలి?

1980లలో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడి బృందం కొందరికి పది వారాలపాటు వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాల గట్టి శిక్షణ ఇచ్చి, తర్వాత 15 వారాలు ఒక్కో గుంపుకు ఒక్కోటి తగ్గించింది. రోజులను రెండుకు తగ్గించినా వీఓ2 మ్యాక్స్ (ఒళ్లు అత్యధికంగా వాడుకోగల ఆక్సిజన్ కొలత) నిలిచింది. సమయాన్ని 13 నిమిషాలకు తగ్గించినా నిలిచింది, ఎక్కువసేపు ఓర్చే శక్తి మాత్రం తగ్గింది. జోరు తగ్గించిన గుంపులో వీఓ2 మ్యాక్స్ పడిపోయింది. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకు రెండు రోజులు చాలకపోవచ్చు, కానీ దిశ స్పష్టం. వారం చెడినప్పుడు నెమ్మది గంటలు కోసేయండి, ఒకటో రెండో చిన్న జోరు సాధనలు వదలొద్దు. మనం సాధారణంగా దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తాం.

పరుగు వదిలి చలికాలమంతా సైకిలో ఈతో చేసేవాళ్లకు గుండె, ఊపిరి నిలుస్తాయి. నేల దెబ్బకు ఎముకలూ, కండరాలను ఎముకలకు కలిపే కట్లూ పొందిన గట్టిదనం నిలవదు. వారానికి రెండు సార్లు 20 నిమిషాల పరుగు ఉంచుకోకపోతే మార్చిలో మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పితో కూర్చోవాల్సి రావచ్చు.

ఇక అసలు మానేయాల్సిన రోజులు. మనసొప్పక మానేయాలనిపిస్తే బట్టలు వేసుకుని పది నిమిషాలు నెమ్మదిగా చేయండి. అప్పటికీ బరువుగానే ఉంటే ఆపేయండి, ఆ రోజుకు అదే చాలు. ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే ఉంటే తేలికగా చేయొచ్చు. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే పది నిమిషాలు కూడా వద్దు. జ్వరం మాత్ర లేకుండా పూర్తిగా ఒక రోజు జ్వరం రాకపోతే, మరుసటి రోజు 20 నిమిషాలు తేలికగా మొదలుపెట్టండి. పొద్దున లేవగానే చూసుకునే గుండె వేగం మునుపటి స్థాయికి వచ్చాకే జోరు సాధన.