సొంత పాట రికార్డింగ్‌కి అడ్వాన్స్ ఇవ్వబోతున్నారా? కాస్త ఆగండి

అమ్మ షష్టిపూర్తికి ఆమె మీద ఒక పాట చేయించాలనుకున్నాను. హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో ప్యాకేజీ తీసుకున్నాను. ప్రోగ్రామింగ్ (కంప్యూటర్‌లో వాద్యాలు కూర్చడం), సింగర్, మిక్సింగ్ (గొంతునీ వాద్యాలనీ సరైన పాళ్లలో కలపడం), మాస్టరింగ్ (చివర్లో పాట మొత్తం మోతని సరిదిద్దడం), లిరికల్ వీడియో అన్నీ కలిపి 42 వేలు, అందులో సగం అడ్వాన్స్. చివరికి ఆ పాటని ఫంక్షన్‌లో వేయలేకపోయాను. ఇలాంటి ప్యాకేజీ తీసుకోబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి రోజు ఫోన్‌లో నేను రాసుకున్న లైన్లు చూపించి, బాణీ కొంచెం హమ్ చేశాను. వాళ్లు పూర్తిగా వినలేదు. ఒక్కసారి మొత్తం పాడి వినిపించమని అడగను కూడా లేదు. "ముందు ట్రాక్ వేసేద్దాం సార్, మిగతాది మిక్సింగ్‌లో చూసుకుందాం" అన్నారు. ట్రాక్ అంటే పాట వెనక వచ్చే వాద్యాల రికార్డింగ్. నమ్మాను. అసలు నష్టం అక్కడే జరిగింది.

సింగర్ వచ్చాక ఒక్కొక్కటీ బయటపడింది. బాణీలో పొడవుగా సాగే చోట నేను "కల" అని రాశాను. సాగదీస్తే అది "కాల" అయిపోయింది. పొట్టి స్వరం దగ్గర "వాన" పెడితే "వన" అని వినిపించింది. తెలుగులో దీర్ఘం మారితే అర్థమే మారిపోతుంది కదా. ఆ అమ్మాయి మైక్ ముందు నిలబడి ఉండగా నేను బయట కూర్చుని మాటలు మార్చాను. గంటకి ఇంత అని మీటర్ తిరుగుతుంటే మంచి మాట తడుతుందా? పైగా పాట శ్రుతి ఆమె గొంతుకి ఎక్కువైంది. చరణంలో పైస్థాయి అందక అరిచినట్టు పాడింది. అప్పటికే ట్రాక్ అంతా ఆ శ్రుతిలోనే వాయించి పెట్టేశారు.

తర్వాత మిక్సింగ్. రెండు కరెక్షన్లు ఉచితం, ఆపైన ఒక్కోదానికి 3 వేలు. వాయిస్ పెంచారు, రివర్బ్ (హాల్లో పాడినట్టు ప్రతిధ్వని) వేశారు, ఆటోట్యూన్ (తప్పిన శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్) వేశారు, ఫ్లూట్ కలిపారు. ప్రతిసారీ ఏదో వెలితి. గట్టిగా వినిపించేలా మాస్టర్ చేస్తామని ఇంకో 4 వేలు తీసుకున్నారు. మరీ గట్టిగా ఉన్న పాటని యూట్యూబ్ తనే శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్కలో సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి తగ్గించేస్తుందని నాకు తర్వాత తెలిసింది. ఆ 4 వేలు దండగ.

చివరికి భజనల్లో పాడే మా పిన్నికి వినిపించాను. మొత్తం విని, "పల్లవి ఏదిరా ఇందులో?" అంది. నిజమే. పల్లవీ చరణమూ ఒకే నడకలో, ఒకే స్థాయిలో ఉన్నాయి. మళ్లీ పల్లవికి వచ్చామన్న హాయి ఎక్కడా లేదు. ఏ మిక్సింగ్ ఇంజనీర్ అయినా దాన్ని ఎలా సరిచేస్తాడు? ఆ ఇంజనీర్ పని తెలిసినవాడే, నేను కాదనను. కానీ పాట సిద్ధంగా లేదని తెలిసీ డబ్బు తీసుకోవడం మాత్రం తప్పే.

పిన్నీ నేనూ హార్మోనియం ముందు పది సాయంత్రాలు కూర్చున్నాం. ఎనిమిది లైన్ల పల్లవి రెండు లైన్లయింది. చరణాలు మూడు నుంచి రెండుకి వచ్చాయి. ఇప్పుడు ఫోన్‌లో రికార్డు చేసింది వింటేనే మా చెల్లెలికి కళ్లు చెమ్మగిల్లాయి. దీనికి పైసా ఖర్చు కాలేదు.

కాబట్టి అడ్వాన్స్ ఇచ్చే ముందు చప్పట్ల తాళం మీద పాట మొత్తం పాడి ఫోన్‌లో రికార్డు చేయండి. ఇద్దరు ముగ్గురికి వినిపించి, మర్నాడు పల్లవి గుర్తుందేమో అడగండి. గుర్తు లేకపోతే స్టూడియో మెట్లు ఎక్కకండి. ట్రాక్ మొదలుపెట్టకముందే, పాడబోయేవాళ్లతో చరణంలో అన్నిటికన్నా పై స్వరం పాడించి శ్రుతి ఖాయం చేయండి. సాహిత్యం ఎవరు చూస్తారు, కరెక్షన్లు ఎన్ని, వాయిస్‌, వాద్యాల విడివిడి ఫైళ్లు ఇస్తారా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. నాకు ఆ ఫైళ్లు ప్యాకేజీలో లేవన్నారు, అందుకే ఆ ఫ్లూట్ ముక్క కూడా వాడుకోలేకపోతున్నాను. మన చట్టంలో సాహిత్యం, సంగీతం, రికార్డింగ్ మూడూ వేర్వేరు హక్కులు. ఏది ఎవరిదో ఆ కాగితం మీదే ఉండాలి.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసినవాళ్లు సింగర్ డేట్ రెండు వారాలు వెనక్కి జరపమని అడగండి. నేను అడిగుంటే వాళ్లు కాదనేవాళ్లు కాదేమో. నేనే అడగలేదు.